చత్వారానికి చప్పట్లు

సెప్టెంబర్ 8ని అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవంగా 1966లో యునెస్కో ప్రకటించిన పాపానికి, ఏటా ఆ వారమంతా పెద్దలకి చదువు నేర్పే మా స్వచ్ఛంద సంస్థ రీజనల్ కోఆర్డినేటర్ గారికి నిద్ర ఉండదు. మనిషి మంచివారే. కరపత్రాలు స్వయంగా పంచుతారు. చదువు రానివాళ్లకి కరపత్రాలేమిటి సార్ అంటే, "చదువొచ్చినవాళ్లు చెబుతారు లెండి" అంటారు. నిజానికి క్లాసుకి వచ్చేవాళ్లంతా అలా విని వచ్చినవాళ్లే.

ట్రైనింగ్‌లో ఆయన తప్పకుండా వయోజన విద్య మీద సిద్ధాంతాలు రాసిన అమెరికన్ మాల్కం నోల్స్‌ని తలుస్తారు. ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తేనే పెద్దలు నేర్చుకుంటారని ఆయన చెప్పాడట. అందుకని మా సెంటర్ వెనకబడితే "ఆసక్తి లోపం" అని రిపోర్టు రాసేశారు. ఆసక్తికేం లోటు? రోజంతా ఒళ్లొంచి పనిచేసి, రాత్రి పూట వచ్చి కూర్చుంటున్నారు. లోటల్లా చూపుకి. నలభై దాటితే చత్వారం ఎవరినీ అడిగి రాదు. పలకలకి, పుస్తకాలకి, ఫ్లెక్సీకి పద్దులున్నాయి గానీ కళ్లజోడుకి లేదు. క్లాసు మొత్తానికి ఒకటే జోడు, బెంచీల వెంట తిరిగేది. ఒకరు గుణింతం పూర్తిచేసేలోగా పక్కావిడ "అయిందా?" అని మోచేత్తో పొడుస్తూ ఉండేది.

ఆ 8న దాతల తరఫున అతిథి వచ్చారు. ముందు వరుసలో పెద్దావిడని "ఏదైనా చదవమ్మా" అన్నారు. జోడు గల మనిషి సరిగ్గా ఆ పూటే రాలేదు. ఆవిడ పుస్తకాన్ని దూరం పెట్టింది. ఇంకాస్త దూరం పెట్టింది. చెయ్యి అయిపోయింది గానీ అక్షరం ఆనలేదు. కోఆర్డినేటర్ గారు చటుక్కున తన కళ్లజోడు తీసిచ్చారు. పాఠం గడగడా చదివేసింది.

తర్వాత ఆయన ఉపన్యాసం. యునెస్కో దాకా కంఠతా వచ్చు కాబట్టి నడిచింది. ఆపైన కాగితం చేతి చివరికి వెళ్లింది. ఇచ్చిన జోడు అతిథి ముందు వెనక్కి అడగడానికి మొహమాటం.

"ఇటివ్వండి సార్, నేను చదువుతా" అంది ఆవిడ.

కూడబలుక్కుంటూ, ఒక్క ముక్క వదలకుండా చదివింది. "మా సిబ్బంది అంకితభావంతో... ఇక్కడ చప్పట్ల కోసం ఆగాలి." ఆగింది. ఎవరూ కొట్టకపోతే "కొట్టండమ్మా" అంది. "ఇక్కడ అతిథి గారి వైపు చూసి నవ్వాలి" అని చదివి, ఆయన వైపు తిరిగి నవ్వింది కూడా. "అక్షరం ముక్క తెలియని ఈ అమాయకులు" దగ్గర మాత్రం వేలు పెట్టి, "ఇది మా గురించేనా సార్?" అంది.

"పాత కాపీ అమ్మా... దాటెయ్."

"దాటెయ్యకుండా చదవాలని మీరేగా చెప్పారు?"

అతిథి నవ్వు ఆపుకుని, అందరికీ కళ్లజోళ్లంటే ఎంతవుతుందో అంచనా రాసిమ్మన్నారు. కోఆర్డినేటర్ గారు పెన్ను తీసి, జోడు కోసం చుట్టూ చూశారు. అదప్పటికే మూడో బెంచీ దాటింది.