ఆ మంచం పక్కన ఒక మనిషి కావాలి

తొమ్మిదేళ్ల పాప కుడిచేత్తో బొమ్మకు రంగులు వేసుకుంటోంది. ఎడమ చేతికి సూది, పైన వేలాడుతున్న రక్తం సంచి. పక్కన కూర్చున్న తల్లి నన్ను అడిగిన మాట ఇంకా చెవుల్లోనే ఉంది: ‘‘మా అత్తగారు ఇదంతా నా వల్లే అంటారు. నిజమేనా అండీ?’’ పాపకు తలసేమియా, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జన్యువ్యాధి. రక్తం ఎక్కించడానికి నగరంలోని ఆ వార్డుకు తల్లి ఎనిమిదేళ్లుగా, మూడు వారాలకోసారి వస్తోంది. హీమోగ్లోబిన్ ఎంతుందో, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ ఎంతుందో చెప్పేవాళ్లు ఉన్నారు. ఈ ప్రశ్న వినేవాళ్లే ఇన్నేళ్లలో ఆమెకు దొరకలేదు.

జవాబు రెండు వాక్యాలే. బీటా తలసేమియా మేజర్ అనే ఈ తీవ్ర రూపం రావాలంటే లోపం ఉన్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు చేరాలి. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకున్నా ఆ జన్యువును మోస్తున్నవారైతే, ప్రతి కాన్పులోనూ అందుకు 25 శాతం అవకాశం ఉంటుంది. పాప రంగుల కాగితం వెనక గీసి చూపించాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి ఫైల్లో దాచుకుంది. మగపిల్లల కండరాలను క్రమంగా బలహీనపరిచే డుషేన్ కండరాల క్షీణత విషయంలోనూ తల్లినే వేలెత్తి చూపుతారు. వాటిలో దాదాపు మూడో వంతు కేసుల్లో తల్లి క్యారియర్ కానే కాదు, కొత్తగా తలెత్తిన జన్యు మార్పే కారణం.

జన్యు పరీక్షలకు హైదరాబాద్‌లో కొదవ లేదు. ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ, పంజాగుట్ట నిమ్స్‌లో జన్యువైద్య విభాగం, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జన్యువ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. తలసేమియా రోగుల కోసం 1998 నుంచి ఒక సొసైటీయే నడుస్తోంది. రోగాన్ని అక్షరం తప్పు లేకుండా గుర్తించగలుగుతున్నాం. ఆ రిపోర్టు ఇంటికి చేరిన రాత్రి ఎలా గడుస్తుందో మాత్రం మన వైద్య వ్యవస్థ లెక్కలోకి రావడం లేదు.

మేనరికాల ఇళ్లలో ఆ రాత్రి మరీ భారం. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు జన్యువులు ఒకటే కాబట్టి దాగి ఉన్న లోపం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. సైన్సు చెప్పేది ఇంతే. ఆ పెళ్లి కుదిర్చిన తాతయ్య మాత్రం ఆనాటి నుంచి మనవరాలి ముఖం చూడలేకపోతాడు. కష్టం చెప్పుకుందామంటే కోడలికి వేరే పుట్టిల్లు అంటూ లేదు, అత్త సొంత మేనత్తే. ‘‘చెల్లి పెళ్లయ్యేదాకా బయట అనకండి’’ అనే కట్టడి ఒకటి. బడికి మూడు వారాలకోసారి ‘జ్వరం’ అని సెలవుచీటీ.

ఇది ఒట్టి మనోవేదనగా చూసి పక్కన పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కించిన రక్తంతో పాటు ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపే మందు వాడకపోతే గుండె, కాలేయం దెబ్బతింటాయి. పదిహేనేళ్లు వచ్చాక ‘ఎందుకొచ్చిన బతుకు’ అనుకున్న పిల్లవాడు ముందుగా మానేసేది ఆ మాత్రలనే. ఫెరిటిన్ పెరిగిందని వాణ్ని మందలించి పంపుతాం. ఎందుకు మానేశావని కూర్చుని అడిగే తీరిక వార్డులో ఎవరికీ ఉండదు.

మానసిక వైద్యం పొందడం హక్కని 2017 నాటి చట్టం చెబుతోంది. 2022 అక్టోబరు నుంచి 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ ఉంది. మంచి ఏర్పాటే, ఆ నంబరు ప్రతి వార్డు గోడ మీదా ఉండాలి. అయితే మానసిక ఆసుపత్రి ఉందని ‘ఎర్రగడ్డ’ అన్న పేరునే తిట్టుగా వాడే ఊరు మనది. మనసు బాగా లేకపోతే వేరే ఆసుపత్రికి వెళ్లమంటే ఈ తల్లి వెళ్లదు. బిడ్డను తీసుకుని ఎలాగూ వస్తున్న చోటుకే సలహాదారు రావాలి.

2021 అరుదైన వ్యాధుల విధానం కింద ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. అంత ఖర్చుకు సిద్ధపడిన ప్రభుత్వాలకు వార్డుకొక కౌన్సెలర్ జీతం బరువా? జన్యుశాస్త్రం తెలిసి, తెలుగు, ఉర్దూ మాట్లాడగలిగి, ప్రతిసారీ అదే ముఖంతో కనిపించే ఒక మనిషి చాలు. రక్తం ఎక్కడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, మాట్లాడటానికి అంతకన్నా అనువైన సమయం దొరకదు. పనికి వెళ్లిన తండ్రితో ఫోనులోనైనా మాట్లాడాలి, అత్తగారిని ఒకసారి వెంట తీసుకురమ్మని అడగాలి. నేను గీసిన కాగితం ఆ ఇంట్లో ఎవరికైనా చూపించే ధైర్యం ఆ తల్లికి వచ్చిందో లేదో.