సవరణ: సవరాలు, జడకుప్పెల గురించి

పాత జడ సామాన్ల మీద ఇదివరకు పెట్టిన పోస్టులో రెండు మాటలు సరిచేయాలి. సవరమంటే జడ ఒత్తుగా, పొడవుగా కనబడేలా కలిపి అల్లుకునే జుట్టు పాయ; జడకుప్పెలంటే జడ కొసన కట్టుకునే కుచ్చులు. సవరాలన్నీ తిరుమల తలనీలాలతోనే కట్టేవారని అందులో ఉంది. అది సరికాదు. కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన జుట్టును టీటీడీ పొడవును బట్టి వేరుచేసి వేలంలో అమ్ముతుంది. కానీ మన అమ్మమ్మల సవరాలకు చాలా ఇళ్లలో వాడింది వాళ్ల సొంత జుట్టే. దువ్వెనకు చిక్కింది వేలికి చుట్టి, ఉండచేసి, గూట్లో దాచేవాళ్లు. సవరాలు కట్టే ఆమె వీధిలోకి వస్తే ఆ ఉండలన్నీ చిక్కుతీసి, మూడు పాయలుగా చేసి, పైన నల్లదారంతో బిగించి ఇచ్చేది. సొంత జుట్టు కాబట్టే జడలో అతుకు తెలిసేది కాదు. నైలాన్ సవరానికి ఆ కలయిక ఎక్కడిది!

ఇక సవరం, జడకుప్పెలు తిరుపతిలో కనుమరుగయ్యాయన్న మాట. రోజువారీ జడల్లోంచి పోయిన మాట నిజమే, నాకూ బాధే. కానీ పెళ్లికూతురి పూలజడకు, కూచిపూడి ఆడే పిల్లలకు కుప్పెలు కావాల్సిందే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొక్కున్న మగవాళ్లు చీరకట్టి, సవరం పెట్టి, పూలు తురుముకుని అమ్మవారి దగ్గరికి వెళ్తారు. ఎంత శ్రద్ధగా అల్లించుకుంటారో చూడాలి!