చుక్క పెడితే బిందువైపోదు

మా అమ్మాయి గణితం జవాబుపత్రం దిద్దించుకుని ఇంటికి వచ్చింది. "బిందువును నిర్వచించండి" అన్న ప్రశ్నకు, "బిందువు అనిర్వచిత పదం, దానికి పొడవు, వెడల్పు, మందం ఉండవు, అది స్థానాన్ని మాత్రమే సూచిస్తుంది" అని పిల్ల రాసిన జవాబును ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, సున్నా వేసి, పక్కన "చిన్న చుక్కను బిందువు అంటారు" అంటూ సరైన సమాధానాన్ని కూడా దయచేశారు. ఎంత చిన్న చుక్కో మాత్రం సెలవివ్వలేదు. పెన్సిలు చెక్కగానే పెట్టిన చుక్కా, ములుకు అరిగాక పెట్టిన చుక్కా రెండూ బిందువులేనా, లేక పెన్సిలు అరుగుదలను బట్టి జ్యామితి కూడా మారుతూ ఉంటుందా?

కాగితం మీద కాస్త లావుగా రెండు చుక్కలు పెట్టి, మొదటిదాని పై అంచు నుంచి రెండోదాని కింది అంచుకు ఒక గీత, కింది అంచు నుంచి పై అంచుకు మరో గీత, నడిమధ్యగా ఇంకొకటి గీసి చూడండి. మూడూ ఆ రెండు చుక్కల గుండానే పోతాయి. రెండు వేర్వేరు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోతుందని అదే పాఠంలో చెప్పేవారు, బిందువంటే చుక్కేనని కూడా ఏ ముఖం పెట్టుకుని చెబుతారు?

క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ "భాగం లేనిది బిందువు", "వెడల్పు లేని పొడవు రేఖ" అని రాశాడు గానీ, తర్వాత చేసిన నిరూపణల్లో ఆ వాక్యాలతో ఆయనకు పని పడలేదు. 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ బిందువు, సరళరేఖ, తలం (గోడలా చదునుగా ఎంతవరకైనా పరుచుకునేది) అనే మూడింటినీ నిర్వచించకుండానే వదిలి, వాటి మధ్య సంబంధాలను మాత్రం స్వీకృతాలతో, అంటే నిరూపణ అడగకుండా ఒప్పుకునే నియమాలతో, బిగించాడు. ఆ పేర్ల స్థానంలో బల్లలు, కుర్చీలు, బీరు లోటాలు అని పెట్టినా జ్యామితి చెక్కుచెదరకూడదని ఆయన అన్నట్టు చెబుతారు. పాపం, ఆ మహానుభావుడు ఈ పరీక్ష రాసి ఉంటే మూడు సున్నాలు మూటగట్టుకుని వెళ్ళేవాడు.

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. మేము చదువుకునే రోజుల్లో "ఎంత పొడిగించినా కలుసుకోని రేఖలు సమాంతర రేఖలు" అని తరగతి మొత్తం చేత వల్లె వేయించేవారు. ఎదుటి గోడ పైకప్పును తాకే అంచునూ, పక్క గోడ నేలను తాకే అంచునూ చూపించి, ఈ రెండూ ఎన్నటికీ కలవవు కదా, ఒకటి అడ్డంగా, మరొకటి మన వైపుగా పోతున్నాయి కదా, మరి ఇవి కూడా సమాంతరమేనా అని అడిగినందుకు నన్ను బెంచీ ఎక్కించారు. ఆ రెండు అంచులనూ కలిపి ఇముడ్చుకోగల తలం ఏదీ లేదు. అందుకే సమాంతర రేఖల నిర్వచనం "ఒకే తలంలో ఉండి" అన్న షరతుతో మొదలవుతుంది. గైడులు అచ్చువేసేవారికి ఆ షరతు బరువైంది, వల్లె వేయించేవారికి ఊపిరి చాలలేదు, మార్కులు వేసేవారికి దానితో పనే లేదు. ఆ షరతే అక్కర్లేనప్పుడు, తలం అనే పాఠాన్ని ఇంకా పుస్తకంలో ఎవరికోసం ఉంచినట్టు?