చేయెత్తి నిలబడ్డ వైపర్

మన దేశంలో చర్చకు నోచుకోని సమస్య అంటూ లేదని అనుకుంటూ ఉంటాం. సాయంత్రం ఏడు దాటాక ఏ చానల్ పెట్టినా నలుగురు కూర్చుని ఏదో ఒకదాని మీద అరుచుకుంటూనే ఉంటారు. ఆ అరుపుల్లో ఏనాడైనా, పొరపాటునైనా, కారు వెనక అద్దం మీదుండే వైపర్ ప్రస్తావన వచ్చిందా? రాలేదు. మేధావుల మౌనం ఇంత నిశ్చలంగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు నోరు విప్పక తప్పదు. ఆ బాధ్యతను కాలం నా నెత్తిన పెట్టింది. కాలం అంటే, నిరుడు ఆషాఢంలో ఒక సాయంత్రం.

ఏలూరులో పెళ్లి చూసుకుని విజయవాడ వస్తున్నాం. హనుమాన్ జంక్షన్ దాటగానే వాన పట్టుకుంది. నా కారుకు పద్నాలుగేళ్లు. ఏ కంపెనీదో చెప్పను. ఇన్నేళ్లు మమ్మల్ని మోసిన బండి పుట్టింటిని బజారుకీడ్చడం మర్యాద కాదు. వెనక అద్దం మీద బురదనీళ్లు పేరుకుని, మా వెనక వస్తున్నది లారీయో ఐరావతమో తెలియడం లేదు. వెనక వైపర్ మీట తిప్పాను. ఆ మీట తిప్పడం, నాకు గుర్తున్నంతలో, బండి కొన్నాక అది మూడోసారి.

వెనక నుంచి ముసలాయన కుర్చీలోంచి లేచేటప్పుడు వచ్చే మూలుగు లాంటిది ఒకటి వినిపించింది. వైపర్ కదిలింది. అద్దం మధ్యదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. బడిలో పిల్లవాడు బయటికి వెళ్లడానికి చేయెత్తి, మాస్టారు చూడక, దించడానికి ధైర్యం చాలక నిలబడినట్లు నిటారుగా నిలబడిపోయింది. మీట ఎటు తిప్పినా దిగదు. అలాగే చేయెత్తి నలభై కిలోమీటర్లు ప్రయాణించాం. రామవరప్పాడు రింగు దగ్గర ఒక ఆటో ఆయన పక్కకు వచ్చి, "సార్, వెనక కర్ర ఉంది కానీ జెండా ఎగిరిపోయింది, చూసుకోండి" అన్నాడు. ఏ పార్టీ జెండా అని అతను అడగలేదు. విజయవాడలో ఆ మాత్రం సంస్కారం ఇంకా ఉంది.

ఇంటికి వచ్చి చట్టం తిరగేశాను. పౌరుడన్నవాడు మొదట చట్టాన్నే ఆశ్రయించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరవది అద్దాల గురించి చెబుతుంది: ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలి, పక్క అద్దాల గుండా 50 శాతం. దీన్ని పట్టుకునే 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములన్నీ పీకేయమంది. దేశమంతా రోడ్ల మీద పోలీసులు గోళ్లతో ఫిల్ములు చింపారు. బాగానే ఉంది. కానీ అదే అద్దం మీద రెండు పొరల బురద ఉంటే ఎంత శాతం వెలుతురు రావాలో ఆ నిబంధన చెప్పదు. దాని పక్కనే ఉన్న నూటొకటో నిబంధన వైపర్ల గురించి. ముందు అద్దానికి పనిచేసే వైపర్ ఉండి తీరాలంటుంది. వెనక అద్దం ఊసే లేదు. అంటే ఈ రాజ్యం తన పౌరుడు ముందుకు చూడాలని మాత్రమే ఆదేశించింది. వెనక్కి చూడడాన్ని అతని వ్యక్తిగత అభిరుచికి వదిలేసింది.

చట్టం కాదన్నప్పుడు చరిత్ర వైపు తిరిగాను. అమెరికాలో అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ అనే ఆవిడ చలికాలంలో న్యూయార్క్ వెళ్లి, మంచులో ట్రామ్ నడిపేవాడు అద్దం కనపడక పడుతున్న అవస్థ చూసి, లోపలి నుంచి మీటతో అద్దం తుడిచే సాధనం కనిపెట్టింది. 1903లో పేటెంటు వచ్చింది. ఒక కంపెనీకి అమ్మబోతే, దీనికి వ్యాపార విలువ లేదు పొమ్మన్నారు. ఆమెకు పైసా దక్కలేదు. తర్వాత రాబర్ట్ కెర్న్స్. పెళ్లినాటి రాత్రి షాంపేన్ సీసా బిరడా ఎగిరి ఒక కన్ను దెబ్బతిన్న ఇంజనీరు. కనురెప్ప ఎప్పుడూ ఆడుతూనే ఉండదు, ఆగి ఆగి వాలుతుంది కదా, వైపర్ కూడా అలా ఎందుకు ఆగి ఆగి తుడవకూడదని ఆలోచించాడు. కనిపెట్టాడు. కంపెనీలు తన పనితనాన్ని వాడేసుకున్నాయని 1978లో ఫోర్డ్ మీద దావా వేశాడు. 1990లో కోటి డాలర్ల పైచిలుకుతో రాజీ కుదిరింది. ఈలోపు పెళ్లి పెటాకులైంది. ఈ ఇద్దరి కష్టం ముందు అద్దం కోసం. వెనక వైపర్ కోసం సంసారం వదులుకున్న మహానుభావుడు చరిత్రలో నాకు కనిపించలేదు. ఆ ఖాళీ ఉందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపును బట్టి అది త్వరలో భర్తీ కావచ్చనిపించింది.

ఇంతకూ ఈ వెనక వైపర్ నా బండికి ఎలా వచ్చిందో చెప్పాలి. మనవాళ్లు కారు కొనేటప్పుడు మూడు మోడళ్లుంటాయి: మామూలుది, మధ్యది, పైది. ఇంజిన్ ఒకటే, చక్రాలు నాలుగే. పై మోడల్‌కు మాత్రం వెనక వైపర్ ఉంటుంది. అది తలపాగాకు కలికితురాయి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎదురు ఫ్లాటాయనది సరిగ్గా నా కారే, అదే రంగు, మధ్య మోడల్. వైపర్ ఉండాల్సిన చోట ఒక నల్ల ప్లాస్టిక్ బిళ్ల పెట్టి కన్నం మూశారు. పద్నాలుగేళ్లుగా ఆయన ఆ బిళ్లను చూసినప్పుడల్లా నేను నా వైపర్‌ను చూసుకున్నాను. అది తుడవాలని కొనలేదు. ఉండాలని కొన్నాను.

తుడవాల్సిన అవసరం మాత్రం నిజంగానే ఉంది, శాస్త్రం ఒప్పుకుంటుంది. డిక్కీ పొడవుగా బయటికి ఉండే కార్లలో గాలి పైకప్పు మీదుగా వాలుగా జారి, వెనక అద్దాన్ని దాదాపు తనే శుభ్రం చేసుకుంటూ పోతుంది. తోక తెగ్గోసినట్లుండే నా బండి లాంటి వాటిలో గాలి అంచు దగ్గర తెగిపోయి వెనకాల సుడి తిరుగుతుంది. ఆ సుడి చక్రాలు లేపిన నీళ్లనూ దుమ్మునూ వెనక్కి లాక్కొచ్చి నేరుగా అద్దానికి కొడుతుంది. మనం చేసిన బురద మన వీపుకే అంటుకునే ఏర్పాటు.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. మెడలో పట్టీ, చేతిలో పలక లాంటి కంప్యూటర్ ఉన్న కుర్రవాడు వచ్చి, వైపర్‌ను వేలితో కూడా తాకకుండా ఒకసారి చూసి, "అసెంబ్లీ మార్చాలి సార్" అన్నాడు.

"దానికి ఐదేళ్లు ఆగాలి కదా బాబూ" అన్నాను.

అతను నవ్వలేదు. మోటారు, ఇరుసు, చేయి కలిపి ఒకే సరుకుగా వస్తుందట, పదకొండు వేల చిల్లరట. పైగా మోడల్ ఆగిపోయింది కాబట్టి ఆర్డరు పెట్టాక వస్తే వచ్చినట్లట. లోపల ఏం పాడైందో విప్పి చూడవచ్చు కదా అని అడిగాను. "విప్పడం ఉండదు సార్, మార్చడమే" అన్నాడు. ఈ ఒక్క వాక్యంలో మన కాలపు వేదాంతమంతా ఉందనిపించి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఆదివారం నేనే పూనుకున్నాను. డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ పలకకు పదకొండు క్లిప్పులు. వాటిలో నాలుగు నా చేతుల్లో ప్రాణాలు విడిచాయి. చుట్టూ సెల్లార్ సలహా సంఘం చేరింది. ఒకాయన ఫ్యూజన్నాడు. ఒకాయన బ్యాటరీ అన్నాడు. రిటైర్డ్ బ్యాంకు మేనేజర్‌గారు రుణం తీసుకుని కొత్త కారు కొనడమే పరిష్కారమన్నారు. వైపర్ చేయిని ఊడదీయడానికి స్క్రూడ్రైవర్‌ను అద్దానికి ఆనించి పైకి లేపబోతుంటే, ఎదురు ఫ్లాటాయన పరుగున వచ్చి నా చేయి పట్టుకున్నాడు. ముందు అద్దం పగిలినా పొరకు అంటుకుని నిలుస్తుంది, వెనకది అలా కాదు, ఒక్క చోట నొక్కుకుపోతే చాలు మొత్తం పటికబెల్లం ముక్కల్లా రాలిపోతుందని చెప్పాడు. బిళ్ల ఉన్నవాడు వైపర్ ఉన్నవాడిని కాపాడిన ఆ ఘట్టాన్ని నేను ఉద్దేశపూర్వకంగా క్లుప్తంగా రాస్తున్నాను.

చివరికి ఆటోనగర్. లారీ పాడెక్కినా లేపి కూర్చోబెట్టగల చోటు అది. అక్కడొక రేకుల షెడ్డులో కారు కరెంటు పనులు చేసే పెద్దాయన, అరవై దాటిన మేస్త్రి. నా కథంతా చట్టం, చరిత్రతో సహా విని, టీ తాగి, టెస్టు బల్బు పట్టుకుని లేచాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. డిక్కీ తలుపుకూ బండికీ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని జరిపి లోపలి వైర్లు చూశాడు. తలుపు వేల సార్లు తెరిచి మూయడంతో వైర్లు అక్కడే తెగుతాయట. తెగలేదు. మోటారు దగ్గర బల్బు పెడితే వెలిగింది. "కరెంటు వస్తోంది సార్. మనిషికి రక్తం ఆడుతోంది, కీలు పట్టేసింది" అన్నాడు.

చేయిని అద్దం జోలికి పోకుండా చిన్న పుల్లరుతో లాగాడు. పది నంబరు పానాతో మూడు బోల్టులు విప్పి మోటారు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. అద్దం బయటికి పొడుచుకువచ్చే ఉక్కు ఇరుసు ఒక అల్యూమినియం గొట్టంలో తిరగాలి. మూత కింది రబ్బరు రింగు ఎండి చిట్లిపోతే, ఏళ్ల తరబడి వాన నీరు అందులోకి దిగింది. అల్యూమినియం చివికి తెల్లటి పొడిగా పొంగింది, ఉక్కు ఎర్రటి తుప్పు పట్టింది. గొట్టం నోటి దగ్గర విభూతి, కుంకుమ కలిపి పూసినట్లుంది. పద్నాలుగేళ్లు ఎవరూ తలుపు తీయని గర్భగుడిని చూసినట్లు కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మేస్త్రి తుప్పు నూనె పోసి గంటసేపు నానబెట్టాడు. ఇరుసును జారకుండా పట్టి ఉంచే సర్క్లిప్ అనే చిన్న రింగు తీసి, ఇరుసు తలకు చెక్కముక్క ఆనించి, సుత్తితో పసిపిల్లను జోకొట్టినట్లు తట్టాడు. జానెడు కూడా లేని ఇరుసు వెంట్రుకవాసి చొప్పున కదులుతూ బయటపడింది. దాన్ని జీరో నంబరు గరుకు కాగితంతో రుద్ది, గొట్టం లోపల గీకి, గ్రీజు పెట్టి, పది రూపాయల కొత్త రబ్బరు రింగు వేశాడు. పదకొండు వేలకూ పది రూపాయలకూ మధ్య దూరాన్ని ఆర్థికవేత్తలు ఏమంటారో కానీ, ఆటోనగర్‌లో దాన్ని విప్పి చూడడం అంటారు.

చేయి బిగించే ముందు మోటారును ఖాళీగా ఒకసారి తిప్పి, అది తన విశ్రాంతి స్థానంలో ఆగాకే చేయి పెట్టించాడు. లేకపోతే అద్దం మీద తుడవడం మాని గాలిలో ఎవరికో టాటా చెబుతుందట. మూసుకుపోయిన నీళ్ల కన్నాన్ని గుండుసూదితో పొడిచి మీట నొక్కమన్నాడు. నొక్కాను. పద్నాలుగేళ్లు ఆగిన ధార అద్దాన్ని దాటి, టీ గ్లాసులు పట్టుకుని వస్తున్న కుర్రవాడి చొక్కాను చేరింది. మొత్తం ఖర్చు 650 రూపాయలు, రెండు టీలు అదనం.

"ఎందుకు పట్టేసింది మేస్త్రీ, ఇంత ఖరీదైన బండి కదా?" అన్నాను, పై మోడల్ సంగతి అతని చెవిన పడేలా.

"వాడకపోతేనే పట్టేస్తుంది సార్. రోజూ తిరిగితే గ్రీజు తనే సర్దుకుంటుంది. వారానికి ఒకసారైనా నీళ్లు కొట్టి తిప్పండి. ముందు వైపర్లు కూడా చూసుకోండి, రబ్బరు అప్పడమైపోయింది" అన్నాడు.

చివరి మాట నాకు అల్పంగా తోచింది. ముందు వైపర్లు మామూలు మోడల్‌కు కూడా ఉంటాయి. మొదటి మాట మాత్రం ఇంటిదాకా వెంటాడింది. ఈ దేశంలో ఎన్ని పీఠాలు, ఎన్ని సలహా మండళ్లు, ఎన్ని పర్యవేక్షణ సంఘాలు పై మోడల్ కోసం అమర్చబడ్డాయో లెక్కలేదు. కరెంటు అందుతూనే ఉంటుంది, భత్యం ఆగదు. ఏళ్లకొకసారి వాన వచ్చి ఎవరో మీట తిప్పితే మూలుగుతూ సగం దాకా లేచి, అక్కడే చేయెత్తి నిలబడతాయి. అప్పుడు అసెంబ్లీ మార్చాలంటారు. మార్చినా లోపల ఉండేది ఆ గొట్టమే, ఆ రింగే.

ఆ వారం నుంచి మా సెల్లార్లో ప్రతి శనివారం ఉదయం వెనక వైపర్ ఆరాధన జరుగుతోంది. అద్దం మీద చెంబెడు నీళ్లు పోసి పదిసార్లు తిప్పుతాను. అది ఒకసారి తుడిచి, కాస్త ఆలోచించి, మళ్లీ తుడుస్తుంది. కెర్న్స్ ఆత్మ శాంతిస్తూ ఉండాలి. ఎదురు ఫ్లాటాయన తన ప్లాస్టిక్ బిళ్లను గుడ్డతో ఒకసారి తుడుచుకుని ఆఫీసుకు వెళ్లిపోతాడు.

మొన్న తొలకరి. అసలైన పరీక్ష వచ్చిందని డిక్కీలో బియ్యం బస్తాలు కూడా దింపించి, అద్దానికి అడ్డు లేకుండా చేసి బయలుదేరాను. బెంజి సర్కిల్ దగ్గర వాన కుండపోత అయింది. వెనక మీట తిప్పాను. ఏం తుడిచింది! అరగదీసిన గంధపు చెక్కలా మెరిసిపోయింది అద్దం. లోపలి అద్దంలోంచి చూస్తే వెనక ఆగిన ఆటో నంబరు, డ్రైవరు నుదుటి బొట్టు, అతను హారన్ మీద పెట్టిన బొటనవేలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఏమండీ, అతను ఎందుకు అంతలా కొడుతున్నాడు?" అంది మా ఆవిడ.

అప్పుడు ముందుకు తిరిగాను. డ్రైవరు వైపు వైపర్ రబ్బరు చీలికలై ఊడి, అద్దం మీద చచ్చిన జెర్రిలా వేలాడుతోంది. సరిగ్గా నా కళ్ల ఎత్తులో జానెడు వెడల్పున ఏమీ కనిపించడం లేదు. మా ఆవిడ కిటికీ దించి, చీర కొంగు నెత్తిన వేసుకుని, తల బయటికి పెట్టి చూసింది.

"పచ్చ లైటు పడి చాలాసేపైందండీ" అంది.