అర్థం అడగొద్దు, పాయింట్లు చూడండి

భాషకు పట్టిన అసలు జబ్బు ఏమిటో ఈమధ్యే నాకు తెలిసింది. అర్థం. ప్రతి మాటకూ అర్థం ఉండి తీరాలని పట్టుబట్టడం వల్లే ఇన్ని గొడవలు. అర్థమే లేకపోతే అపార్థం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

ఈ జ్ఞానం నాకు ప్రసాదించినవాడు మా మేనల్లుడు. అక్షరాల బిళ్లలు బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే స్క్రాబుల్ ఆట ఆడుతుంటే, క్యూ పక్కన ఐ పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"ఇదేం మాటరా?"

"చీ, మామయ్యా."

నన్నే అన్నాడనుకున్నాను. కాదట, ఆ మాటను పలికే తీరే అంత. "సరే, అర్థమేంటి?" అన్నాను. "పదకొండు పాయింట్లు" అన్నాడు. ఆ జవాబులో ఏదో లోపం ఉందని ఆ పూటంతా వెతికాను. దొరకలేదు.

నిఘంటువు చూస్తే, అది చైనావాళ్ల తత్వచింతనలో ప్రాణశక్తికి పేరు. వేల ఏళ్లుగా జనం దాన్ని శ్వాసలో వెతుకుతున్నారు, ధ్యానంలో వెతుకుతున్నారు. అమెరికాలో స్క్రాబుల్ ఆటకు చెల్లే మాటల జాబితాలోకి మాత్రం అది 2006లో వచ్చింది. అప్పటి నుంచి యూ లేని క్యూతో దిక్కుతోచక కూర్చున్నవాళ్లకు అది నిజంగానే ప్రాణశక్తి అయింది.

ఈ ఆటను తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికాలో ఒక ఆర్కిటెక్టు. 1930ల మాంద్యంలో పని లేక, వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాడు. ఆ లెక్క ప్రకారం 'ఈ' అక్షరానికి 12 బిళ్లలు, ఒక్కోదానికి ఒకే పాయింటు. క్యూకి ఒకటే బిళ్ల, పది పాయింట్లు. ప్రతి వాక్యంలో గొడ్డు చాకిరీ చేసే అక్షరానికి ఒకటి, యూ తోడు లేనిదే గడప దాటని అక్షరానికి పది. ఏ ఆఫీసులోనైనా ఒక ఏడాది పనిచేసినవాళ్లకు ఇందులో వింత కనిపించదు.

ఆ తర్వాత నేను చిన్న మాటల లోకంలో పడ్డాను. మూడక్షరాల 'జాక్స్' ఉంది. ఇంటి కప్పు మీద పరిచే పలకరాళ్లను కోసే పనిముట్టు అది. ఆ పనిముట్టు పట్టినవాళ్ల కన్నా ఆ మాట పట్టుకుని 19 పాయింట్లు కొట్టినవాళ్లే ఎక్కువమంది ఉంటారని నా గట్టి అనుమానం. ఓ, ఈ కలిపితే ఫారో దీవుల దగ్గర లేచే సుడిగాలి. ఏ రెండుసార్లు రాస్తే హవాయిలో గరుకు లావా. ఎక్స్, యూ కలిస్తే వియత్నాం చిల్లర. సీ, డబ్ల్యూ, ఎం అని మూడు హల్లులు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. అది 'కూమ్', వెల్ష్ భాషలో లోయ. ఎవరెస్టు ఎక్కేవాళ్లు దాటే వెస్టర్న్ కూమ్‌కు 1921లో పర్వతారోహకుడు మాలరీ పెట్టిన పేరులో ఉన్నది ఆ మాటే. వాళ్లు ప్రాణాలకు తెగించి దాటుతారు. మనం అచ్చులు చేతికి రాక దాటుతాం.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఏ, ఐ. ఈ రెండక్షరాలు చూసి లోకమంతా ఉద్యోగాలు ఉంటాయా పోతాయా అని టెన్షన్ పడుతోంది. స్క్రాబుల్ వాళ్లు నిశ్చింతగా ఉన్నారు. వాళ్ల నిఘంటువులో చిన్నక్షరాలతో రాస్తే దానర్థం మూడు వేళ్ల స్లాత్. కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ, కదలాలా వద్దా అని ఆలోచించే జంతువు.

ఇంత ఉదారంగా ఉన్న జాబితా 'ఓకే' దగ్గర మాత్రం భీష్మించుకుంది. 1839లో బోస్టన్ పత్రికలో అచ్చయిన మాట అది. ఒక అక్షరదోషాల జోకుగా మొదలై ప్రపంచమంతా తిరిగింది. అమెరికా స్క్రాబుల్ నిఘంటువు దానికి ఓకే చెప్పింది 2018లో. అంటే 179 ఏళ్లు పట్టింది. అందరికీ అర్థం తెలుసు కదా, అదే దాని నేరం అయి ఉంటుంది. ఇక 'వి' అక్షరం గోడు వినేవాళ్లే లేరు. ఇప్పటికీ దానితో రెండక్షరాల మాట ఒక్కటీ లేదు.

అర్థం అనవసరమని నేనొక్కడినే అంటే మీరు నమ్మరు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ చెబితే నమ్ముతారా? ఆయన కూడా చెప్పలేదు, చేసి చూపించాడు. ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, కొన్ని వారాలు ఫ్రెంచి పదాల జాబితా బట్టీపట్టి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. ఆ భాషలు పుట్టుకతో వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని ఓడిపోయారు. పాపం, వాళ్లకు మాట కనబడగానే అర్థం అడ్డొచ్చి ఉంటుంది.

దీనికి వ్యతిరేకంగా పాపం చేసినవాళ్లూ ఉన్నారు. ఐదక్షరాల మాటను ఊహించే వర్డిల్ ఆటను తయారుచేసిన జోష్ వార్డిల్ దగ్గర మొదట ఐదక్షరాల మాటలు దాదాపు 12,000 ఉన్నాయి. ఆయన భాగస్వామి కూర్చుని, తెలిసినవి ఏవి, తెలియనివి ఏవి అని ఏరి దాదాపు 2,500కు దించింది. మాట జనానికి తెలిసుండాలట! ఇలాంటి మొహమాటాల వల్లే మనుషులు పొద్దున్నే ఫోను తీసి 'మధ్యలో జెడ్ ఉన్న ఐదక్షరాల మాటలు' అని దొంగచాటుగా వెతుక్కుంటున్నారు.

ఇంగ్లీషులో ప్రేమ అనే మాటకు ఈ ఆటలో ఏడు పాయింట్లు. జే, ఓ కలిపితే స్కాట్లాండ్ యాసలో ప్రియతమ, దానికి తొమ్మిది. శాంతికీ తొమ్మిదే. అర్థం అనే మాటకు, అంటే 'మీనింగ్'కు, పది. క్యూ, ఐల జంటకు మాత్రం పదకొండు.

మొన్న నా చేతికి వచ్చిన ఏడు బిళ్లలూ సరిగ్గా ఆ 'మీనింగ్'వే. ఏడూ ఒకేసారి పెడితే 50 బోనసు, రంగు గళ్లు ఇచ్చే అదనపు పాయింట్లు కలపకుండానే మొత్తం 60. ఒళ్లు పులకరించింది. నిఘంటువు నన్ను క్షమించిందనుకున్నాను. బోర్డంతా మూడుసార్లు చూశాను, పెట్టడానికి చోటు లేదు. ఈలోగా మావాడు ఒకే క్యూతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి 'చీ' అనిపించి, క్యూ, అక్షరం విలువ మూడింతలయ్యే గడిలో పడటంతో 62 రాసుకున్నాడు.

చేసేదేం లేక నా ఏడింట్లోంచి ఒక ఐ తీసి, బోర్డు మీదున్న ఏ పక్కన పెట్టాను. స్లాత్. రెండు పాయింట్లు. అర్థం అడుగుతాడేమోనని కాసేపు చూశాను. వాడు అడగలేదు.