ఎదుటివాడి కంట్లో మన హెడ్‌లైటు

హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కారు సామాన్లు అమ్మే ఏ షాపుకైనా వెళ్లి "అన్నా, రాత్రిపూట లైటింగ్ సరిపోవట్లేదు, మంచి బల్బులుంటే చూపించు" అని అడగండి. ఆయన ముందు బండి మోడల్ అడుగుతాడు. తర్వాత కౌంటర్ కింద నుంచి బ్యాటరీ బయటికి తీసి, దానికి ఒకవైపు మామూలు హాలోజెన్ బల్బు, ఇంకోవైపు వెనకాల బుల్లి ఫ్యాను గిర్రున తిరిగే ఎల్‌ఈడీ తగిలించి ఎదుటి గోడ మీదకి కొడతాడు. పసుపచ్చటి వెలుగు పక్కన ఆ పాలతెలుపు చూశాక ఇక మిగిలేది బేరమే. డబ్బా మీద ల్యూమెన్లు (వెలుగు కొలత) వేలల్లో రాసి ఉంటాయి, "లైఫ్‌టైమ్ సార్" అంటాడు, అరగంటలో బిగించి పంపిస్తాడు. ఆ గోడ నాలుగడుగుల దూరంలో ఉందనీ, మనం రోడ్డు మీద చూడాల్సింది డెబ్బై మీటర్ల అవతల అడ్డంగా నిలబడ్డ గేదెననీ ఆ కాసేపు ఎవరికీ గుర్తురాదు.

వెలుతురు కావాలనుకోవడాన్ని మేం తప్పుపట్టడం లేదు. మన రోడ్ల మీద రాత్రి బండి నడిపే ఎవరికైనా ఆ అవసరం తెలుసు. రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీ, ఇండికేటర్ కూడా వేయకుండా పక్కన ఆపేసిన లారీ, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ కాపలాగా పేర్చిన రాళ్లు, పొలం నుంచి ఒంటరిగా నడిచొచ్చే రైతు. లెక్క కూడా భయపెట్టేలాగే ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 22 మీటర్లు. అడ్డం ఉన్నదేంటో గుర్తుపట్టి కాలు బ్రేకు మీదకి వెళ్లేసరికి సెకనున్నర, అంటే 33 మీటర్లు అప్పటికే అయిపోయాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా బండి ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి లో బీమ్‌లో (అంటే డిప్ చేసిన లైటులో) అంతదూరం నుంచి కనపడడం చాలా కార్లలో జరగని పని. కాబట్టి కొత్త బల్బు కొనేవాడు షోకు కోసమే కొంటున్నాడని కొట్టిపారేయడం అన్యాయం. మా గొడవల్లా ఒక్కటే. వెలుగు ఎంత వస్తోందని అందరూ చూస్తున్నారు, అది ఎక్కడ పడుతోందో చూసేవాళ్లు లేరు.

చాలా చిన్న కార్లలో ఇప్పటికీ ఉండేది హెచ్4 బల్బు. లో బీమ్‌కి 55 వాట్లు, హై బీమ్‌కి 60 వాట్లు, అందుకే దాన్ని 60/55 అంటారు. ఆ బల్బుని ఒకసారి చేత్తో పట్టుకుని (గాజు ముట్టుకోకుండా, ఎందుకో తర్వాత చెప్తాం) పరీక్షగా చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ముందున్న దాని కింద వేలిగోరంత లోహపు దొన్నె ఒకటి కనిపిస్తుంది. లో బీమ్ వేసినప్పుడు వెలిగేది ఆ ముందుదే; కిందికి పోయే వెలుగుని దొన్నె ఆపేస్తుంది, పైకి పోయింది మాత్రమే రిఫ్లెక్టర్ పైభాగానికి తగిలి రోడ్డు మీదకి వంగి పడుతుంది. బండిని గోడ ముందు పెడితే వెలుగుకీ చీకటికీ మధ్య గీత గీసినట్టు కనిపించేది ఈ దొన్నె అంచు పుణ్యమే. మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఆ గీత ఎడమవైపు కొంచెం పైకి లేస్తుంది, కుడివైపు ఎదురొచ్చేవాడి కంటికి తగలకుండా కిందే ఉండిపోతుంది. హై బీమ్ వేస్తే వెనక ఫిలమెంట్ వెలిగి రిఫ్లెక్టర్ మొత్తం పనిచేస్తుంది. అయిదారు మిల్లీమీటర్ల పొడవున్న తీగచుట్ట సరిగ్గా ఎక్కడ ఉంటుందో చూసుకుని ఆ రిఫ్లెక్టర్ వంపులన్నీ గీశారు. అది కాస్త జరిగితే రోడ్డు మీద లెక్కంతా మారిపోతుంది.

ఇప్పుడు అదే హోల్డర్‌లో ఎల్‌ఈడీ దూర్చండి. చుట్టూతా వెలిగే తీగ పోయి, ఒక పట్టీకి రెండు పక్కలా అతికించిన చిప్పులు వచ్చాయి. కొందరు ఆ దొన్నె లాంటిది కూడా పెడతారు గానీ, వెలుగు పుట్టే చోటు, దాని మందం, అది వెళ్లే దిక్కు ఏవీ రిఫ్లెక్టర్‌కి అలవాటైనవి కావు. బండి ముందు పది పదిహేను మీటర్లు పట్టపగలులా ఉంటుంది, ఆ వెలుగుకి మన కంటిపాప చిన్నదైపోయి దూరం ఇంకా చీకటిగా తోస్తుంది. మిగిలిన వెలుగు గీత దాటి పైకి, ఎదురొచ్చేవాడి కళ్లలోకి. లోపలున్నవాడికి మాత్రం "లైటింగ్ అదిరింది". ఎదురుగా బైకు మీద వచ్చేవాడి సంగతి చూడండి, గీతలు పడ్డ హెల్మెట్ అద్దం, వెనక భార్య, మధ్యలో పిల్లాడు. గంటకు 60లో వస్తున్నవాడికి మూడు సెకన్లు కళ్లు బైర్లు కమ్మితే 50 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. వయసు మీదపడ్డవాళ్లకి, కంట్లో శుక్లం మొదలైనవాళ్లకి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. వాన పడుతుంటే ఆ నీలి తెలుపు తిరిగి మన మీదకే కొడుతుంది, తడి తారు మీద గుంట ఎక్కడుందో తెలియదు. ప్రొజెక్టర్ లైట్లున్న (వెలుగుని గుండ్రటి లెన్సు గుండా పంపే) కార్లలో లోపల అడ్డుపలక ఉంటుంది కాబట్టి పైకి కొట్టడం తక్కువే, అయినా దూరంగా పడాల్సిన వెలుగు దగ్గరికి జారిపోయే బెడద వాటిలోనూ ఉంది. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన కార్ల సంగతి వేరు, వాటి రిఫ్లెక్టర్లు, లెన్సులు ఆ చిప్పుల కోసమే తయారయ్యాయి. జర్మనీలో 2020 నుంచి హాలోజెన్ స్థానంలో పెట్టుకునే ఎల్‌ఈడీలని ఒప్పుకుంటున్నారు, కానీ ఏ బల్బు ఏ కారు హెడ్‌ల్యాంపులో పెట్టొచ్చో విడివిడిగా పరీక్షించి, జాబితాలో ఉన్నవాటికే. మన దగ్గర జాబితా షాపు అన్న నోట్లో ఉంది.

ఇంకో పాత మందు ఉంది, 100/90, అంటే హై బీమ్‌కి 100 వాట్లు, లో బీమ్‌కి 90 వాట్ల బల్బు. లారీ డ్రైవర్ల నుంచి టాక్సీవాళ్ల దాకా ఎరగనివాళ్లు లేరు. ఇది హాలోజెనే కాబట్టి వెలుగు పడే చోటు మారదు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగితే ఇది 8 పైనే లాగుతుంది. జతకి దాదాపు 17. అంత కరెంటు కోసం వేసిన వైర్లు కావవి. ముందు ప్లాస్టిక్ హోల్డర్ గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత కాలిన వాసన, తర్వాత రిఫ్లెక్టర్ మీద వెండిలా మెరిసే పూత పొరలు పొరలుగా లేస్తుంది. అప్పుడు ఏ బల్బు వేసినా వెలుగు రాదు, హెడ్‌ల్యాంపు మొత్తం మార్చాలి.

మరి ఏం చేయాలి? బల్బు జోలికి వెళ్లే ముందు హెడ్‌ల్యాంపు పైకప్పు చూడండి. అది గాజు కాదు, పాలీకార్బొనేట్. మన ఎండలకి ఏడెనిమిదేళ్లలో పచ్చబడి మసకేస్తుంది, లోపల ఎంత మంచి బల్బున్నా వెలుగు అక్కడే చెదిరిపోతుంది. వాటర్ పేపర్‌తో గరుకు నుంచి నునుపుకి మూడు నాలుగు రకాలు రుద్ది, పాలిష్ పెట్టి, పైన ఎండని ఆపే కోటింగ్ వేయిస్తే కొత్త కారులా అవుతుంది. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా వీడియోలు చూసే ఉంటారు, అది పెళ్లికి వెళ్లొచ్చే దాకా నిలుస్తుంది, అంతే. తర్వాత చూడాల్సింది వోల్టేజ్. హాలోజెన్ బల్బుకి అందే వోల్టేజ్ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. పాత బండ్లలో కరెంటంతా స్టీరింగ్ పక్కనుండే స్విచ్ గుండా తిరిగొచ్చేసరికి దారిలోనే నీరసపడుతుంది, దానికి తోడు తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్లు (వైరుని బండి బాడీకి బిగించే చోట్లు). మంచి ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి హోల్డర్ దగ్గర వోల్టేజ్ చూసి చెప్పేస్తాడు. ఎర్త్ శుభ్రం చేసి, స్విచ్ సైగ అందగానే బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు పంపే రిలే కిట్ వేస్తే అదే 60/55 బల్బు వేరే బల్బులా వెలుగుతుంది. చాలా ఎల్‌ఈడీ జతల కంటే అది చవక కూడా. వారంటీలో ఉన్న కొత్త బండి అయితే మాత్రం వైరు కోయనివ్వకండి, ప్లగ్ చేసే కిట్టే పెట్టించుకోండి, అది కూడా సర్వీస్ సెంటర్‌లో అడిగాకే.

అప్పటికీ చాలకపోతే బల్బు మార్చండి, వాట్లు మాత్రం పెంచకండి. డబ్బా మీద "130 శాతం ఎక్కువ" అని రాసే హాలోజెన్‌లు పేరున్న కంపెనీలు చేస్తున్నాయి. ఆ 130ని చూసి వెలుగు రెట్టింపు దాటిందనుకుంటే పొరపాటే. ప్రమాణం అడిగే కనీస వెలుగుతో పోలిస్తే, రోడ్డు మీద కొన్ని చోట్ల అంత ఎక్కువ పడుతుందని దాని అర్థం. మొత్తం వెలుగుకి హద్దు ఉంది, తీగని ఇంకా బిగువుగా, ఇంకా వేడిగా వెలిగించి దాన్ని దూరంగా పోగేస్తారు. మనకి కావాల్సింది కూడా అదే కదా. దానికి తగ్గ మూల్యం ఏంటంటే మామూలు బల్బు కంటే త్వరగా పోతాయి. రోజూ రాత్రి నడిపేవాళ్లు ఒక జత డిక్కీలో పెట్టుకోవాలి. గాజంతా నీలం పూసిన బల్బులు కొనకండి, ఆ రంగు ఉన్న వెలుగులోంచే కొంత మింగేస్తుంది, చూడ్డానికి తెలుపు, రోడ్డు మీద తక్కువ. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి మార్చండి. గాజుకి వేలు తగిలితే చర్మం మీది నూనె అంటుకుని, ఆ వేడికి అక్కడే మచ్చపడి బల్బు ముందే పోతుంది, అందుకే ముట్టుకోవద్దన్నాం.

అన్నిటికంటే చవకైంది ఎవరూ చేయించనిది, ఫోకస్ సెట్ చేయించడం. సమతలంగా ఉన్న చోట గోడకి పది మీటర్ల దూరంలో బండి ఆపి లో బీమ్ వేయండి. వెలుగు పైగీత, బండి మీద బల్బు ఎంత ఎత్తులో ఉందో దానికంటే పది సెంటీమీటర్ల పైచిలుకు కింద ఉండాలి. సమానంగా ఉందంటే ఎదురొచ్చేవాణ్ని తిట్టిస్తున్నట్టు, మరీ కిందికి ఉందంటే మీరు నిష్కారణంగా బల్బు కంపెనీని తిడుతున్నట్టు. హెడ్‌ల్యాంపు వెనక స్క్రూలు ఉంటాయి, తిప్పితే కదులుతుంది. ఇక స్టీరింగ్‌కి కుడిపక్క 0, 1, 2, 3 అని ఉండే చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది, కారు కొని పదేళ్లయినా అదెందుకో తెలియనివాళ్లు మా ఆఫీసులోనే దొరికారు. వెనక సీటు నిండి, డిక్కీలో బియ్యం బస్తా పడితే బండి ముక్కు లేస్తుంది, లైటు చెట్ల మీద పడుతుంది, అప్పుడు ఆ చక్రాన్ని 2కో 3కో తిప్పాలి.

చట్టం లేదనుకోకండి. కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తోంది. 2019 సవరణలో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాగితం మీద ఇంత కఠినంగా ఉన్నది రోడ్డు మీద ఎందుకు లేదు? 2012లో నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన పోలీసులు నడిరోడ్డు మీద కార్లాపి ఫిల్ములు పీకించారు, అంటే అనుకుంటే చేయగలరు. కానీ ఫిల్ము పగలు కనిపిస్తుంది, లైటు రాత్రి తనిఖీ చేయాలి. పైగా సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆలోగా ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్లే పనే లేదు. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన ప్రతి కారుకీ ఏటా పరీక్ష ఉంటుంది, అందులో లైటు ఎటు కొడుతోందో చూస్తారు, హాలోజెన్ ల్యాంపులో ఎల్‌ఈడీ దూర్చి ఉంటే ఫెయిల్ చేస్తారు. కార్ల కంపెనీల్ని కూడా వదిలిపెట్టలేం. ఏటా టచ్ స్క్రీన్ ఒక అంగుళం పెరుగుతోంది, సన్‌రూఫ్ వస్తోంది, బేస్ మోడల్‌కి మాత్రం ఆ పాత హెచ్4 రిఫ్లెక్టరే. సరైన లైట్లు కావాలంటే పై వేరియంట్ కొనాలట.

ఒకప్పుడు లారీలకీ బస్సులకీ హెడ్‌లైటు మధ్యలో నల్లటి బొట్టు పెట్టేవాళ్లు, గుర్తుందా? శాస్త్రీయంగా దానికి ఎంత విలువుందో గానీ, ఎదుటివాడికీ కళ్లుంటాయన్న స్పృహ అందులో ఉంది. హైవే మధ్యలో గన్నేరు మొక్కలు వేసేది అందం కోసమే అనుకుంటాం, అవతలి వైపు లైట్లు కంట్లో పడకుండా ఆపడం కూడా వాటి పని. ఎండిపోయిన చోట మళ్లీ నాటమని కూడా అడుగుతున్నాం. రెండు లైన్ల రోడ్ల మీద ఆ గన్నేరు కూడా లేదు, అక్కడ ఉన్నది మన డిప్పర్ ఒక్కటే.

సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కార్లన్నీ పంతంగి టోల్‌గేటు మీదుగానే పోతాయి. టోల్ దాటాక పక్కన ఖాళీ స్థలంలో రవాణా శాఖ ఫోకస్ చూసే మిషన్లు రెండు, స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసిన మెకానిక్‌లు నలుగురిని నాలుగు రాత్రులు పెడితే చాలు. లైటు పైకి కొడుతున్న బండిని పక్కకి తీసి, సరిచేసి ఉచితంగా పంపించండి. దూర్చిన ఎల్‌ఈడీ ఉంటే చలానా రాయండి, రాసేటప్పుడు ఆ బల్బు ఏ షాపులో కొన్నారో కూడా అడిగి కాగితం మీద పెట్టుకోండి.