ఒత్తుడు బంద్

దసరాకు ఊరికి పోతూ మా నాయినకు కొత్త ఫోన్ తీసుకుపోయాను. పాతదానికి తెర అడుగున మూడు గుర్తులు ఉండేవి. త్రికోణం ఒత్తితే వెనక్కి, గుండ్రం ఒత్తితే మొదటికి. చదరం దేనికో నాలుగేళ్లలో ఆయనకు తెలియలేదు, అవసరమూ పడలేదు. కొత్తదానిలో ఆ మూడూ లేవు. ఆ జాగాలో సన్నటి గీత ఒకటి ఉంది, చీమ ఈడ్చుకుపోతున్న బియ్యపు గింజలాగా.

"ఒత్తేది ఏదిరా?" అన్నాడు నాయిన.

"ఒత్తుడు లేదు నాయినా. కిందికెళ్లి పైకి గీకాలె."

"అట్లని ఎక్కడ రాసిన్రు?"

ఎక్కడా రాయలేదు. దాని గొప్పతనమే అది. ఈ సంగతి మా నల్లగొండ జిల్లాకు ఇంకా సరిగా ఎక్కలేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రపంచంలో తెలివైన వాళ్లంతా ఏసీ గదుల్లో కూర్చుని ఏళ్ల తరబడి శ్రమించి మన కళ్ల ముందు నుంచి బటన్‌ను మాయం చేస్తే, కనీసం చప్పట్లు కొట్టాల్సింది పోయి "ఒత్తేది ఏది" అని అడగడం మర్యాద కాదు.

అయితే మా నాయినను మాత్రమే తప్పుపట్టలేం. ఆయన దృష్టిలో యంత్రమంటే బాయికాడి స్టార్టర్ డబ్బా. రేకు డబ్బా, దాని మీద రెండు బటన్లు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. ఆకుపచ్చది లోపలికి ఒత్తితే డబ్బాలో ఠక్కుమంటుంది, కాసేపటికి పైపులో నీళ్లు గురగురమంటాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది గానీ, అంతకుముందు సగం రోజులు త్రీఫేజ్ వచ్చేది రాత్రిపూటే. పురుగూ పుట్రా భయంతో గట్ల మీద నడిచిపోయి, చీకట్లో డబ్బా తలుపు తీసి తడిమితే బటన్ వేలికి తగిలేది. ఉబ్బెత్తుగా ఉంది కాబట్టి తగిలేది. నన్ను ఒత్తు అని దాని ఆకారమే చెప్పేది. వస్తువు ఆకారమే వాడే తీరును చెప్పే ఈ గుణానికి అఫర్డెన్స్ అని పేరు. ఆ మాటను 1988లో డిజైనర్లకు అలవాటు చేసినవాడు డోనాల్డ్ నార్మన్ అనే డిజైన్ పండితుడు. ఆయన తర్వాత కొన్నేళ్లు యాపిల్‌లోనే పనిచేశాడు. ఆ కంపెనీ ఆ తర్వాత చేసిన పనులు చూస్తే, ఆయన పాఠం శ్రద్ధగా విని ఏమేం తీసేయాలో రాసి పెట్టుకున్నట్టే ఉంది.

మొదట్లో ఫోన్ తెరలు కూడా మనలాంటి పల్లెటూరివే. 2007 నాటి ఐఫోన్ తెరవాలంటే గాడిలో ఒక బిళ్ల, బిళ్ల మీద బాణం, పక్కన "జరిపి తెరువు" అనే అర్థం వచ్చే అక్షరాలు. చదువు రానివాడు బాణం చూసేవాడు, చదువు వచ్చినవాడు అక్షరాలు చదివేవాడు. తర్వాత ఐప్యాడ్ క్యాలెండర్‌కు కుట్లు వేసిన తోలు అట్ట, పుస్తకాలకు చెక్క అల్మారా, ఆటల పేజీకి పచ్చటి బట్ట పరిచిన బల్ల కూడా పెట్టారు. పట్నపోళ్లకు ఇదంతా నామోషీ అయింది. 2010లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 7 రంగు పలకలతో సరిపెట్టేసింది. 2012లో తోలు, చెక్క పక్షాన నిలిచిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ పెద్ద స్కాట్ ఫోర్‌స్టాల్ యాపిల్ నుంచి వెళ్లిపోగా, తెరల పగ్గాలు అక్కడి డిజైన్ పెద్ద జోనీ ఐవ్ చేతికొచ్చాయి. 2013లో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7 వచ్చేసరికి నీడలు, అంచులు, గాడులు, ఉబ్బులు ఒక్కటీ మిగల్లేదు. బటన్ అనేది ఒక నీలిరంగు మాట అయిపోయింది. ఇంటికి దర్వాజా, గడప, గొళ్లెం అన్నీ పీకేసి, గోడ మీద నీలిరంగుతో "ద్వారం" అని రాసినట్టు.

మరుసటి ఏడాది మార్చిలో బటన్ ఆకారాలు చూపించే వెసులుబాటు ఒకటి ఇచ్చారు. ఎక్కడ పెట్టారంటే, చూపు, వినికిడి సరిగా లేనివారి కోసం ఉంచిన అరలో. బటన్ బటన్‌లా కనిపించాలనుకోవడం ఒక వైకల్యమని అంత సున్నితంగా చెప్పినవాళ్లు ఇంకొకరు లేరు. 2017లో ఐఫోన్ టెన్ నుంచి గుండ్రటి హోమ్ బటన్ కూడా పోయింది. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చేసరికి అటువైపు కూడా అంతా సైగలే. 2025లో యాపిల్ తెర మొత్తానికి గాజు పోత పోసింది, ఇప్పుడు అక్షరాల వెనక నుంచి వాల్‌పేపర్ తొంగిచూస్తుంటుంది. నిరాకారాన్ని చేరడానికి మన పెద్దలు తపస్సు చేశారు, వీళ్లు అప్‌డేట్ చేశారు.

ఫోన్ కొన్నప్పుడు గడియారం సెంటర్ దగ్గర దుకాణం పిల్లగాడు నాతో ఒక మాట అన్నాడు. "అంకుల్‌కు మస్తు ఈజీ అన్నా. చిన్నపిల్లలు కూడా చెప్పకుండనే వాడుతరు." దీన్నే ఇంగ్లిష్‌లో ఇంట్యూటివ్ అంటారు, అంటే ఎవరూ నేర్పకుండానే వచ్చేది. యాపిల్‌లో మెకింటాష్ కంప్యూటర్ ప్రాజెక్టు మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్ ఈ మాట పరువు 1994లోనే తీశాడు. కంప్యూటర్ల వాళ్లు ఇంట్యూటివ్ అంటే దాని అసలు అర్థం "ఇంతకుముందే అలవాటైనది" అని తేల్చేశాడు. ఆ లెక్కన మా నాయినకు సహజంగా వచ్చేవి చాలానే ఉన్నాయి. బర్రె చెవి పట్టుకుని జ్వరం ఉందో లేదో చెబుతాడు. బత్తాయిని అరచేతిలో ఒకసారి ఎగరేసి రసం ఎంతుందో చెబుతాడు. బర్రెకు ఇంతవరకు కొత్త వెర్షన్ రాలేదు, చెవి ఉన్నచోటే ఉంది.

పైగా ఫోన్‌కు మా నాయిన వేలి మీద నమ్మకం లేదు. ఈ అద్దాలు వేలిని గుర్తుపట్టేది ఒత్తిడితో కాదు. మనిషి ఒళ్లు విద్యుత్తును పారనిచ్చే గుణంతో గుర్తుపడతాయి, చర్మంలోని తేమ దానికి సాయపడుతుంది. పార పట్టి, బత్తాయి ముళ్లు గుచ్చుకుని, కాయలు కాసి ఎండిపోయిన వేలు దానికి వేలులా కాదు, కట్టెలా కనిపిస్తుంది. అందుకని నాయిన నోట్లు లెక్కపెట్టేముందు చేసినట్టే వేలు నాలుకకు తాకించి, ఆ తర్వాత అద్దం మీద గీస్తాడు. ఒక్కోసారి పని జరుగుతుంది. అడగని పనులు మాత్రం తప్పకుండా జరుగుతాయి. మూడు వేళ్లతో కిందికి నిమిరితే తెర ఫొటో తీసుకుంటుందట. అద్దం మురికైందని ఆయన అరచేత్తో తుడిచిన ప్రతిసారీ ఫోన్ ఒక ఫొటో తీసిపెట్టింది. పక్కనున్న మీట రెండుసార్లు తగిలితే కెమెరా తెరుచుకుంటుందట. గ్యాలరీ తెరిస్తే మా నాయిన కుడి చెవి, చొక్కా జేబు లోపలి గుడ్డ, మళ్లీ కుడి చెవి. డెబ్బై ఏళ్ల జీవితంలో ఆయన చెవికి ఇంత గుర్తింపు ఎన్నడూ రాలేదు.

ఫోన్ ఎత్తడం నేర్పిన రోజు మాత్రం నేను గెలిచాననుకున్నాను. తెర మూసి ఉన్నప్పుడు ఫోన్ వస్తే గుండ్రాన్ని పైకి జరపాలి. కిందికి జరిపితే కట్ అవుతుంది. "ఫోన్ ఎత్తాలె అంటం గద నాయినా, అందుకే పైకి" అన్నాను. ఆయన మొహం వెలిగింది. భాషలోనే కిటుకు దొరికాక ఇంకేం కావాలి! మరునాడు ఆయన ఫోన్ తెరిచి చుట్టాల ఫొటోలు చూస్తుండగా బత్తాయి వ్యాపారి ఫోన్ చేశాడు. తెర తెరిచి ఉంటే పద్ధతి వేరు. పైన చిన్న పట్టీ వస్తుంది, అందులో జరపడానికి గుండ్రం ఉండదు, పచ్చదాని మీద వేలు తాకించాలి. నాయిన నేర్చుకున్నట్టే బుద్ధిగా పైకి జరిపాడు. పట్టీ పైకెగిరి మాయమైంది. అప్పటికే కాయకు ధర తెగక ఇద్దరి మధ్యా మూడు రోజులుగా బిగుసుకుని ఉంది. కావాలనే ఎత్తలేదనుకున్న వ్యాపారి, సాయంత్రం ఫోన్ చేసి తనే ధర పెంచాడు. ఆధునిక డిజైన్ వల్ల రైతుకు లాభం లేదని ఎవరన్నారు? (మా అమ్మ ఫోన్‌లో గుండ్రాన్ని పక్కకు జరపాలి. దానికి సరిపడే తెలుగు క్రియాపదం ఇంకా వెతుకుతున్నాను.)

కాబట్టి ఇంత గొప్ప పద్ధతిని ఫోన్లకే పరిమితం చేయడం అన్యాయమని నా విన్నపం. మొదట స్టార్టర్ డబ్బాలు నున్నగా చేయాలి. ఆ తర్వాత బస్సులు. నల్లగొండ బస్టాండ్‌లో బస్సుల నొసటన ఊళ్ల పేర్లు రాసి కళ్లకు భారం చేస్తున్నారు. అవి తీసేసి తలా ఒక సన్నటి గీత పెట్టాలి. దేవరకొండ పోయేవాళ్లు బస్సును ఎడమ నుంచి కుడికి నిమరాలి. మిర్యాలగూడ వాళ్లు రెండు వేళ్లతో నిమరాలి. ఎక్కువసేపు ఒత్తి పట్టుకుంటే హైదరాబాద్. పొరపాటున దేవరకొండ బదులు సూర్యాపేటలో దిగినవాళ్లు గీత మీద మళ్లీ వెనక్కి గీసుకుంటే సరి.

నాగార్జునసాగర్‌ను కూడా వదలొద్దు. 26 క్రెస్ట్ గేట్లకు ఇంకా మీటలు, మోటార్లు ఏమిటి? ఇంజినీరు ఫోన్ మీద వేలు కింది నుంచి పైకి గీస్తే గేటు లేవాలి. వానలో చొక్కా జేబు తడిసి, 26 గేట్లూ తమంతట తామే లేచాయనుకోండి, వాడపల్లి దాకా ఉన్న ఊళ్లకు ఒక నోటిఫికేషన్ పోతుంది. దాన్ని పక్కకు తోసేస్తే పోతుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆండ్రాయిడ్‌లో ఆ మూడు బటన్లను చంపేయలేదు, దాచారు. సెట్టింగ్స్‌లో లోపలి గది, ఆ గదిలో సైగల పెట్టె, ఆ పెట్టెలో నావిగేషన్ అనే మూట. అక్కడిదాకా పోవాలంటే నాలుగు తెరలు లోపలికి వెళ్లి, దారి తప్పితే వెనక్కి రావాలి. వెనక్కి రావడానికి సైగ తెలిసి ఉండాలి. సైగలు బాగా వచ్చినవాడికి మాత్రమే సైగలు వద్దనే హక్కు. నేను తీసిపెడతానంటే నాయిన ఒప్పుకోలేదు. "పిల్లలు కూడా వాడుతరు అన్నడు గద ఆ పిల్లగాడు" అన్నాడు. మాట పడ్డాడు, పట్టుదల పెరిగింది.

దీపావళికి మళ్లీ ఊరికి పోతే ఫోన్ అద్దం మీద మా అమ్మ బొట్టుబిళ్ల కనిపించింది. మెరూన్ రంగుది, అడుగుభాగంలో, ఫోన్ వచ్చినప్పుడు గుండ్రం నిలబడే చోట సరిగ్గా అతికించి ఉంది. నాయిన కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చూపించాడు. తగిలింది. అక్కడి నుంచి పైకి ఎత్తాడు.

"రేపు అప్‌డేట్ వస్తే గుండ్రం జాగా మారుతది నాయినా" అన్నాను.

"మారనియ్యి. మీ అమ్మ తాన అట్ట నిండ ఉన్నయి."

తిరిగొచ్చిన రాత్రి వీడియో కాల్ చేశాను. తెర మీద నా మొహం చూసి మా అమ్మ అదే పనిగా నవ్వుతోంది. ఏమైందంటే, ఆ బిళ్ల సరిగ్గా నా గడ్డం మీద పడిందట. తీసేయమన్నాను.

"ఉండనియ్యి బిడ్డా, దిష్టి తగలకుండ ఉంటది."